నవ్వు కోసిన చోటు

నేను పెరిగి పెద్దయ్యేదాకా మా పెదనాన్న నోట ‘చాలా’ అనే మాట వినలేదు. కూర ఎలా ఉందని పెద్దమ్మ అడిగితే ‘ఊఁ’ అనేవాడు. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా అదే ‘ఊఁ’. ఈయనతో కాపురం, గోడతో కబుర్లు ఒకటేనని ఆవిడ మా అమ్మతో చెప్పుకుని ఊపిరాడనంతగా నవ్వేది.

ఇద్దరూ పనిచేసేది ఒకే చోట. ఇంగ్లీషు పాఠాలు రికార్డు చేసే స్టూడియోలో అద్దానికి అవతల పెద్దమ్మ చదివేది, ఇవతల పెదనాన్న టేపు మీదికి ఎక్కించేవాడు. తర్వాత ఆయన అసలు పని మొదలయ్యేది. టేపును చేత్తో ముందుకీ వెనక్కీ జరుపుతూ వినేవాడు. ఆవిడ ఊపిరి పీల్చినచోట, దగ్గినచోట, నవ్వు ఆపుకోలేకపోయినచోట పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో కోసి, రెండు కొసలూ అంటించేవాడు. పిల్లలకి మాట వినపడాలి గానీ మనిషి కాదని ఆయన పట్టుదల. అందులో ఆయనకి ఆయనే సాటి. సాయంత్రానికి ఆ ముక్కలన్నీ ఊడ్చి చెత్తబుట్టలో వేసేవాడు.

సెలవుల్లో నన్నూ అక్కడ ఒక మూల కూర్చోబెట్టేవారు. మాటకి బలమిచ్చే ఇంగ్లీషు మాటల మీద పాఠం చేసిన రోజు నాకింకా గుర్తే. ఆ పాఠం పెద్దమ్మే రాసుకుంది. ‘వెరీ’ పాత ఫ్రెంచిలో ‘నిజమైన’ అనే మాట నుంచి వచ్చిందట. జనం వాడీ వాడీ దాన్ని ఉత్త ‘చాలా’ చేసి కూర్చోబెట్టారు. ‘స్ట్రెస్’ వెనక ఇరుకూ బిగింపూ ఉన్నాయి, ‘యాక్సెంట్’ లోపల పాట దాగుంది. ‘ఎంఫసిస్’ మూలం గ్రీకులో ‘కనపడేలా చేయడం’. ఇక ‘ఇండీడ్’ అంటే మొదట్లో ‘చేతలో’ అనట. అది చదివి, ఆవిడ అద్దంలోంచి పెదనాన్న వైపు చూసింది.

“ఇదిగో, ఇది మావారి మాట. నోటితో మాత్రం చెప్పరు” అని పకపకా నవ్వింది.

పెదనాన్న ముఖం ఎర్రబడింది. టేపు తిరుగుతూనే ఉంది.

పెద్దమ్మ చనిపోయిన ఏడాదిలోపే, పాఠాలన్నీ కొత్త గొంతుతో చేయిస్తున్నామనీ పాతవి కావాలంటే పట్టుకెళ్లమనీ స్టూడియోవాళ్లు కబురు పెట్టారు. పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇంట్లో ఆవిడ ఫొటోలు బోలెడున్నాయి, వినడానికి ఆవిడ నవ్వే ఎక్కడా లేదు. ఎక్కడైనా ఒక్క నవ్వు తన బ్లేడు నుంచి తప్పించుకుని ఉంటుందని ఆయన ఆశ. నా చెవులకన్నా నీ చెవులు చురుకు, నువ్వు విను అని నాకు చెప్పాడు.

పాఠం తర్వాత పాఠం విన్నాం. అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. చివరికి ఆ పాఠం వచ్చింది. ‘ఇండీడ్’ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ముందుకి వంగాం. ‘చేతలో’ అంది పెద్దమ్మ. ఆ వెంటనే తర్వాతి వాక్యం మొదలైంది. మధ్యలో అతుకైనా వినపడలేదు.

పెదనాన్న టేపు ఆపి, వెనక్కి జరిపి, అతికినచోట వేలు పెట్టాడు. నాకు దుఃఖం ఆగలేదు.

“చాలా శుభ్రంగా కోశానమ్మా,” అన్నాడు. “చాలా.”

ఆ మాట కోసం కాపురమంతా ఎదురుచూసిన మనిషి లేదు. విన్నది నేను.