తెర మీద రెండు దారులు

మిర్యాలగూడలో మా ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునేది నేనే. పేషెంట్ల రిపోర్టులన్నీ ఒకే స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి, రెండు సర్వర్లూ అక్కడి నుంచే చదువుతాయి. ఒక దారి తెగినా రిపోర్టులు ఆగకూడదని, కోదాడ నుంచి వచ్చిన ఇంజనీరు ఈ రోజు ఆ పెట్టెకు రెండో దారి కలిపాడు. తెర మీద రెండూ పచ్చగా వెలిగాయి. ఎర్ర కేబుల్ పీకి చూపించాడు, పని ఆగలేదు. అది పెట్టి నీలం పీకాడు, అప్పుడూ ఆగలేదు. ఆ వెంటనే సంతకానికి కాగితం చాపాడు. ఆ తొందర చూసే నాకు అనుమానం వచ్చింది.

ర్యాక్ వెనక్కి దూరి కేబుళ్లను చేత్తో పట్టుకుని పోయాను. ఎర్రది పై నెట్‌వర్క్ డబ్బాలోకి, నీలం కింది డబ్బాలోకి వెళ్లాయి. బాగానే ఉంది. కానీ రెండు డబ్బాల కరెంటు వైర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి.

"ఇదేంది? బోర్డు ఎవరన్న బంద్ జేస్తే రెండు దార్లూ పోతయ్ గదా?" అన్నాను.

"ఎవరూ ఆపరు మేడం. బటన్ మీద టేపు అంటించానండి," అన్నాడు.

చూశాను. నాలుగు చుట్లు వేశాడు.

"మన సూర్యాపేట బ్రాంచిల గూడ గిట్లనే పెట్టిన్రా?"

"అక్కడ టేపు కూడా లేదు మేడం."

నిరుడు అక్కడ తెర మీద పచ్చరంగు చూసి సంతకం పెట్టింది నేనే. రేపు పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను. మీ ఆఫీసుల్లో టేపు కాపలా కాస్తున్న బటన్లు ఎన్నున్నాయో చెప్పండి. సూర్యాపేట బ్రాంచి వాళ్లెవరైనా ఇది చదివితే, నేను వచ్చేదాకా ఆ బోర్డు ఉన్న మూల ఊడ్వనివ్వకండి.