కడుపులో పెరిగిన ఊరు

మాస్టారు పోయారని మొన్న మంగళవారం ఫోన్ వచ్చింది. ఓపీలో మిగిలిన పేషెంట్లను పక్క డాక్టరుకి అప్పజెప్పి రాజమండ్రి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు. గర్వంగా అనిపించింది. ఆయన గెలిచి వెళ్ళిన మనిషి. ఆ గెలుపులో నాకూ కాస్త వాటా ఉంది కాబట్టి చెప్పుకుంటున్నాను.

ఆయన కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. తొంభైల చివర్లో నేను పీజీ థీసిస్ పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కాను. నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పు. అవి తాగిన గర్భిణులకు బీపీ పెరిగి, పిల్లలు తక్కువ బరువుతో పుడుతున్నారని నా అనుమానం. మంచినీళ్ళ పైపు వెయ్యమని ఆ ఊళ్ళవాళ్ళు తిరుగుతుంటే, నీళ్ళలో దోషమేమీ లేదని ఆఫీసర్లు తిప్పి పంపుతున్నారు.

తల్లి వయసు, రక్తం, తిండి, ఎన్నో కాన్పు, ఇన్ని కలగలిసిన చోట నీళ్ళ వంతు ఎంతో విడదీసి చూపేది రిగ్రెషన్ లెక్క. కంప్యూటర్ ఆ లెక్క కట్టి, నీళ్ళకీ బరువుకీ సంబంధం లేదని తేల్చింది. నేను అదే రాసేసేదాన్ని. రాసుంటే ఆఫీసర్ల మాటకు డాక్టరు సంతకం దొరికేది.

మాస్టారు మాత్రం ముందు చేత్తో చుక్కలు పెట్టాలన్నారు. బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుని, గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా నీళ్ళలో ఉప్పు, నిలువుగా పుట్టిన బరువు, ఒక్కో బిడ్డకి ఒక్కో చుక్క. వాటి మధ్యగా ఒక గీత. నాకు ఒళ్ళు మండేది. ఆ చుక్కల్ని ఆయన "వీళ్ళు" అనేవారు. పోలిక కోసం తీసుకున్న, నిడదవోలు పక్కన ఉప్పులేని కాలవ నీళ్ళు తాగే ఊళ్ళలో కొందరు పిల్లలు మరీ తక్కువ బరువుతో గీతకు దూరంగా పడ్డారు. ఎక్కడో తప్పు రాసుంటారు, తీసేద్దామన్నాను.

"తీసేయకండి డాక్టరమ్మా. వెళ్ళి అడుగుదాం," అన్నారు.

ఆ వయసులో, ఆ ఎండలో బస్సులు మారి నాతో వచ్చారు. మొదటి ఇంట్లో ఒకమ్మాయి పిల్లని చంకనేసుకుని మజ్జిగ తెచ్చిచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవారని మాస్టారు అడిగారు.

"ఇక్కడికి పురిటికి వచ్చానండి. ఏడో నెల దాకా అత్తారింట్లోనే ఉన్నాను. సముద్రం దగ్గరండి. అక్కడ ఆ ఉప్పు బోరు నీళ్ళే గతి."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "బిడ్డ పుట్టిన ఊరు రాసుకున్నాం. కడుపులో పెరిగిన ఊరు రాసుకోలేదు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తొలి కాన్పుకి నేనూ పుట్టింటికి వెళ్ళినదాన్నే. అయినా కాన్పుల రిజిస్టర్లో ఉన్న ఊరి నీళ్ళే ప్రతి తల్లీ తాగిందని రాసేసుకున్నాను. తల్లులందరినీ మళ్ళీ అడిగి సరిదిద్దాక చుక్కలు ఒక్కొక్కటే కదిలి గీత పక్కకి చేరాయి. ఈసారి కంప్యూటర్ కూడా ఒప్పుకుంది. నేను గంతులేశాను. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ, ఇక రాయండి అన్నారు.

సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు నా థీసిస్ కాగితాలు పట్టుకుని వెళ్తే ఈసారి ఎవరూ తిప్పి పంపలేకపోయారు. పైపు వచ్చింది. కుళాయి తిప్పిన రోజు ఊరు ఊరంతా బిందెలతో అక్కడే ఉంది. మాస్టారు చొక్కా తడిసిపోతున్నా దోసిలి పట్టి తాగారు. మజ్జిగ ఇచ్చిన అమ్మాయి అప్పటికి ఆ ఊళ్ళోనే ఉన్న అత్తారింటికి వచ్చేసింది. "ఒక్కసారి చూసి నమ్మకూడదమ్మా, ఏడాదికోసారి ఈ నీళ్ళు తెచ్చి చూపించు," అని ఆమెకు పని అప్పజెప్పారు. ఆమె ఏటా సీసాతో వచ్చేది. ఆయన ఒక గుక్క తాగి, "ఉప్పు లేదు" అని నోటుబుక్కులో రాసుకునేవారు. రెండో కాన్పులో బిడ్డ బొద్దుగా పుట్టిందన్న సంగతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమె వరండాలో కూర్చుని ఉంది. తెలియక, ఎప్పటిలాగే సీసాతో వచ్చిందట. దాన్ని నా చేతికిచ్చింది. మాస్టారి పక్కన నిలబడి ఒక గుక్క తాగాను.

"ఉప్పు లేదండి మాస్టారూ," అన్నాను, అందరికీ వినపడేలా.

బల్ల మీద ఆ నోటుబుక్కు, పక్కనే ఆయన చెక్కి పెట్టుకున్న పెన్సిల్ ఉన్నాయి. ఈ ఏటి వరస నేనే రాశాను.