మూడో రెట్టు కూత

"ఒరే సూర్రావూ, ఆరుతో అంకెలయిపోయిన పెట్టితో పద్దెనిమిదెలా సూస్తావురా? సోలతో కుంచెడు కొలుస్తావేటి?"

"కొలవొచ్చు వదినా. మళ్లీ మళ్లీ పోస్తే కుంచం నిండదేటి? కొత్త పెట్టి నువ్వు కొననివ్వవు. ఇదయినా సెయ్యనీ."

సూర్రావు నా మరిది, నా చేతిలో పెరిగినవాడు. అరవయ్యేడులోనో ఎనిమిదిలోనో, గజపతినగరంలో మా వీధి అరుగు మీద రేడియోలు బాగుచేసేవాడు. ఆ పెట్టెను సిగ్నల్ జనరేటర్ అనేవాడు. అది కూత పెడితే, ఆ అంకె మీద రేడియో ముల్లు ఉంచి, మరలు తిప్పి సరిచేసేవాడు. పెట్టె మీద అంకెలు ఆరు దాకానే, రేడియో మీద పద్దెనిమిది దాకా. పెట్టె ఆరు దగ్గర కూస్తే, రేడియోలో రెట్టింపు పన్నెండు దగ్గరా, మూడో రెట్టు పద్దెనిమిది దగ్గరా అదే కూత సన్నగా వస్తుందని వాడి మాట. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి వాడికి చెవులు మందం. సన్నకూత నేనే విని చెప్పాలి.

నేను మూడో తరగతితో ఆగినదాన్ని. దెయ్యం పట్టిందన్నవాళ్లకి కడుపునిండా గంజి పొయ్యండి, అదే పోతుందనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఇది చెప్పడానికి సిగ్గు.

ఆ రోజు రైల్వే గుమాస్తా గారి రేడియో సాయంత్రానికి ఇవ్వాలి. అది పలక్కపోతే ఈ పని మానేసి మా తమ్ముడి బెల్లం కొట్లో కూర్చుంటానని మా ఆయనకి మాటిచ్చాడు. కొట్లో కూర్చుంటేనే బాగుపడతాడని నా పట్టుదల. వాడు అన్నానికని నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, పెట్టెలో కూత పుట్టించే గాజుబుడ్డి, వాల్వంటారు, అది పీకి రొంటిని దోపుకుని, మూత పెట్టేశాను. అలాంటి వాల్వు అందులో ఒక్కటే.

వాడు తినొచ్చి మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. ఆరు దగ్గర రేడియోలో ఏమీ లేదు. ముల్లు పద్దెనిమిదికి జరిపాడు.

కూత వచ్చింది. సన్నగా, తెగకుండా. పెట్టె మర తిప్పితే పోయింది, వెనక్కి తిప్పితే మళ్లీ వచ్చింది. వాల్వు నా నడుముకి ఒత్తుకుంటూనే ఉంది.

"వినబడతందా వదినా?"

"ఏటీ లేదు," అన్నాను.

ఇంకా రెండుసార్లు అడిగాడు. అదే చెప్పాను. ఇంతలో గుమాస్తా గారొచ్చి బాగవని రేడియో అలాగే పట్టుకుపోయారు.

వేరే స్టేషనేమో అనుకుందామంటే, పెట్టె మర తిప్పితే ఎందుకు పోతుంది? తరవాత రేడియోలు తెలిసినవాళ్లని ఇద్దర్ని అడిగాను. వాల్వు లేకుండా కూయదన్నారు. తీసిందెవరో వాళ్లకి చెప్పలేదు. అదేమిటో నాకు నేటికీ తెలీదు. నేను విన్నానన్నది మాత్రం తెలుసు.

మర్నాడు పొద్దున్న సూర్రావు పెట్టె మూత తీశాడు. ఖాళీ చోటు చూశాడు. నావైపు చూశాడు. మూత బిగించి, నేను పెట్టిన చద్దన్నం తిని, బెల్లం కొట్టుకి వెళ్లిపోయాడు.