పడుగులో చుట్టుకుపోయిన కాయితం

కుక్కరు చెడిపోయిన దినాల్లో మా కోడలు అన్నం వారుస్తాది. ఆ గంజి వాసన వంటింట్లో నుంచి వసారాలో నా మంచం దాకా వస్తాది. అందరికీ ఆ వాసనకి ఆకలేస్తాదేమో, నాకు మాత్రం ఈ నగరిలోనే నేను పెరిగిన నేతోళ్ళ వీధి గుర్తుకొస్తాది. అప్పటికి నాకు పదకొండేళ్ళు ఉంటాయి. ఖచ్చితంగా ఎంతని ఎవరూ రాసిపెట్టలేదు. నేను అక్షరాలు నేర్చుకునింది నలభై దాటినాక. కాబట్టి ఈ రాతలో తప్పులుంటే ఉంటాయి, జరిగినదాంట్లో మాత్రం లేవు.

మగ్గమెక్కే నిలువు దారాల్ని, అంటే పడుగుని, సాగదీసే దినం వీధంతా మాదే. ఇంకా ఎండ రాకముందే నాయన ఈ కొసన రెండు గుంజలు, ఆ కొసన రెండు గుంజలు పాతి, వాటి నడుమ దారాలన్నీ బిగించి పరిచేవాడు, అమ్మ పెద్ద కుండలో కాసిన గంజిని తెచ్చి పెడితే ఇద్దరు మనుషులు చెరొక పక్క కుంచెలతో దారాల పొడుగునా రాసుకుంటా పోయేవాళ్ళు, ఆ గంజి పులుపు వాసనకి ఈగలూ కుక్కలూ చేరేవి, బండ్లోళ్ళు ఎద్దుల్ని పక్క సందులోకి మళ్ళించేవాళ్ళు, మేము ఆడపిల్లలం గుంజల దగ్గర కూర్చుని ఒక కన్ను పడుగు మీద పెట్టి అచ్చంగాయలాడేవాళ్ళం. ఎండకి దారాలు ఆరినాక ఆ పడుగును కొయ్యకి చుట్టేది అసలు పని. నలుగురు లాగి పట్టుకోవాల, నాయన కొయ్య తిప్పాల. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడేటప్పుడు పైదారం కిందిదారంలోకి దిగబడకుండా నడుమ కాయితం పెట్టాల. కొయ్య తిరగడం మొదలైతే ఆపకూడదు, ఆపితే దారం వదులైపోయి పడుగంతా పాడు. కాయితాలు అందించే పని నాది.

మా ఇంటికి కాయితం వచ్చేది ఒకే ఒక్క చోట నుంచి. సిస్టర్ల బడి నుంచి. మా చెల్లెలు రాణిని ఆ బడిలో చేర్చినారు, మధ్యాహ్నం మొక్కజొన్న ఉప్పుమా, పాలపొడి కలిపిన పాలు ఇస్తారని. నేను కండెలు చుట్టేదాన్ని గనక నన్ను చేర్చలేదు. దీంట్లో ఎవరి తప్పూ లేదు, మా వీధిలో పెద్దపిల్లలందరూ రాట్నం దగ్గరే ఉండేవాళ్ళు. బడిలో ఏ కబురున్నా సిస్టర్లు మందపాటి కాయితం మీద అచ్చుకొట్టించి, పిన్నీసుతో పిల్లల గౌనుకి గుచ్చి ఇంటికి పంపేవాళ్ళు. రాణి ఎదాన కాయితం రెపరెపలాడించుకుంటా వచ్చేది. మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు. ఆ కాయితం తీసుకుని నేను వీధి చివర టైలరు చెంగయ్య దగ్గరికి పోయేదాన్ని. ఆయన మిషను తొక్కడం ఆపకుండానే చదివేవాడు.

"శనివారం ఒంటిపూట. పిల్లలకి గోళ్ళు తీసి పంపండి. తలలో పేన్లు లేకుండా సూసుకోండి," అని చదివి, "మీ ఇంట్లో పేన్లకి గూడా సిస్టరమ్మ ఉత్తరం రాస్తాదే! నాకు మా అత్తగారి ఊరి నుంచి గూడా రాదు," అనేవాడు. నేను ఆ మాటల్ని దారి పొడుగునా మనసులో అనుకుంటా వచ్చి అమ్మకి అప్పజెప్పేదాన్ని. క్రిస్మస్సుకి పశువుల పాక కడతాం, గడ్డి పంపండి అని ఒకసారి. ఆటల పోటీలు, అమ్మనాయనలు రండి అని ఒకసారి. చదివించినాక కాయితం కాయితాల బుట్టలోకి పోయేది, బుట్టలో నుంచి పడుగులోకి. నాయనకి ఆ కాయితం అంటే శానా ఇష్టం. పేపరు చినిగిపోతాది, సిస్టర్ల కాయితం చినగదు అనేవాడు.

రాణిని దిగబెట్టడానికి గేటు దాకా పోయేది నేనే. లోపలికి పోయేదాన్ని కాదు. ఒకరోజు పెద్ద సిస్టరమ్మ గేటు దగ్గరికి వచ్చి, "నీకు రావాలని లేదా?" అని అడిగింది. ఆమెది కేరళ, తెలుగు ఒక్కొక్క మాట పేర్చి పేర్చి మాట్లాడేది. ఉండాదని తల ఊపినాను. ఇండ్లల్లో ఉండిపోయిన పెద్ద ఆడపిల్లలకి పొద్దున రెండు గంటలు వేరే తరగతి పెడతామని, పై నుంచి అనుమతి రాగానే కాయితం పంపుతామని, ఆ కాయితం పట్టుకుని మీ నాయనతో రావాలని చెప్పింది. ఇంటికొచ్చి నాయనకి చెప్తే నాయన మగ్గం గుంటలో నుంచి తల ఎత్తకుండానే, "రెండు గంటలే గదా. కాయితం రానీ, పోదాం," అన్నాడు. అంతమాట అంటాడని నేను అనుకోలేదు. ఆ దినం నుంచి రాణి తెచ్చిన ప్రతి కాయితమూ చెంగయ్య దగ్గరికి పరిగెత్తించినాను. ఒంటిపూట, గోళ్ళు, పేన్లు. ఒంటిపూట, గోళ్ళు, పేన్లు.

తమిళుల ఆడి నెలలో ఒక బుధవారం. ఆ పొద్దు పడుగు సగం చుట్టినాము. బుట్టలో కాయితాలు అయిపోయినాయి. సిస్టర్లకి ఏదో పండగని బడి ముందే విడిచినారు, రాణి గౌనుకి కాయితంతో వీధిలోకి వచ్చింది. నేను పిన్నీసు తీసినాను. కాయితం నా చేతిలో ఉండాది.

"కాయితం ఏదిమే?" అని నాయన అరిచినాడు.

"అయిపోయినాయి నాయనా."

"చేతిలో ఏంది అది?"

"ఇంకా చదివించలేదు."

"మే, కొయ్య తిరగతా ఉండాది! ఈయ్!"

ఇచ్చినాను. నా చేత్తో నేనే చుట్టు మీద పరిచినాను, మూలలు ముడత పడకుండా సరి చేసినాను గూడా. దాని మీద ఇంకో చుట్టు పడింది, దాని మీద ఇంకోటి. మిగిలిన చుట్లకి చెంగయ్య ఇంట్లో నుంచి పాత పేపర్లు తెచ్చినారు.

ఏం కాయితమే అది అని రాణిని అడిగితే, "ఏమో, సెలవంట," అనింది. పోయి సిస్టరమ్మని అడిగిరా అంటే ఏడ్చింది. కాయితం పోగొట్టుకున్న పిల్లల్ని గంటసేపు నిలబెడతారంట. నేనే గేటు దగ్గర అడగొచ్చు. పడుగులో చుట్టేసినామని ఎట్ల చెప్పేది? చెప్పలేక, సిస్టరమ్మ కనబడితే దూరంగానే రాణిని వదిలి వచ్చేసేదాన్ని. నాయన నా మొహం చూసి, "పడుగులోనే గదా ఉండాది, యాడికి పోతాది? నేస్తే అదే వస్తాది," అన్నాడు. నిజమే. సగం చుట్టినాక పెట్టిన కాయితం, సగం నేసినాక బయటికి వస్తాది. మామూలుగా అయితే ఆరేడు దినాలు.

కానీ ఆడికృత్తిక పండగ వచ్చింది. మూడు దినాలు మా వీధిలో ఒక్క మగ్గమూ ఆడలేదు. తిరుత్తణికి కావడి ఎత్తుకుని పోయేవాళ్ళు పసుపు గుడ్డలతో, నెమలీకలతో, అరోహరా అని గుంపులు గుంపులుగా పోతా ఉంటే, మేము వాకిట్లో పానకం కుండలు పెట్టుకుని గ్లాసులు అందించినాము, అమ్మ వడలు కాల్చింది, పాయసంలో కొబ్బరి వేసింది, సత్యవేడు నుంచి మేనత్త వాళ్ళు వచ్చి వసారా నిండా పడుకున్నారు. నాకు వడ రుచి గుర్తుంది. సంతోషం గుర్తు లేదు. తర్వాత వాన. మగ్గం గుంటలోకి నీళ్ళు ఊరినాయి, దారాలు నెమ్ముకి బిగుసుకుని తెగినాయి, నాయన కాళ్ళు పైకి పెట్టుకుని గమ్మున బీడీ తాగతా కూర్చున్నాడు. నేను పోయి కొయ్య మీద ఎన్ని చుట్లు ఉండాయో వేలితో ఒత్తి చూసేదాన్ని.

పదిహేడో దినం కాయితం జారి గుంటలో పడింది. నాయనే తీసి, తడి తుడిచి, నాకు ఇయ్యకుండా తానే చెంగయ్య దగ్గరికి నడిచినాడు. నేను వెనకాల పోయినాను. చెంగయ్య చదవడం మొదలుపెట్టి, మొదటిసారి మిషను ఆపినాడు.

"ఇండ్లల్లో ఉండే పెద్ద ఆడపిల్లల తరగతికి పేర్లు రాసుకుంటాము. వచ్చే బుధవారం లోపల పిల్లని పిలుచుకుని అమ్మగానీ నాయనగానీ రావాలి. ఇరవైమందికే చోటు." చదివి, పైనున్న తారీఖు చూసుకుని, నాయన వైపు చూసినాడు. "ఆ బుధవారం పోయి పది దినాలైందబ్బా."

"పోయొస్తాం," అన్నాడు నాయన.

నాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సిస్టరమ్మ మమ్మల్ని కూర్చోమనింది. ఇరవైమందీ నిండినారని, పేర్లు పైకి పంపేసినామని, మీ బిడ్డ కోసం రెండు దినాలు ఒక చోటు ఆపి పెట్టినానని చెప్పింది. ఎందుకు రాలేదని అడిగింది. నాయన కాయితం చూపించినాడు. దానికి రెండు పక్కలా దారాల అచ్చు పడింది, దువ్వెనతో గీసినట్టు. సిస్టరమ్మకి అర్థం కాలేదు.

"సరే సిస్టరమ్మా," అని లేచినాడు.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చుని, తెగిన దారం కొస వెతుక్కుని ముడేసినాను. మరుసటి ఏడు ఆ తరగతి పెట్టలేదు, సిస్టరమ్మని వేరే ఊరికి మార్చినారు. అప్పటికి నేనూ మగ్గమెక్కినాను.

ఒకటి మాత్రం జరిగింది. ఆ తర్వాత నాయన బడి కాయితాన్ని పడుగులో పెట్టనీలేదు. అంగట్లో నుంచి గోధుమరంగు కాయితం కొనుక్కొచ్చేవాడు. రాణి తెచ్చిన ప్రతి కబురునూ తానే చెంగయ్య దగ్గరికి తీసుకుపోయేవాడు, పేన్ల కాయితమైనా సరే.

ఇప్పుడు ఆ వీధిలో పడుగు సాగదీసేవాళ్ళు లేరు. గుంజలు పాతిన చోట సిమెంటు రోడ్డు. పవర్లూములు వచ్చినాయి, వాటిలో సగం మళ్ళీ ఆగిపోయినాయి. మగ్గం గుంటని పూడ్చి నా తమ్ముడు బండలు పరిపించినాడు. చెంగయ్య అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు రిపేరు చేస్తారు. మనవరాలు అదే బడిలో మూడో తరగతి. కబుర్లన్నీ కోడలి ఫోనులోకి వస్తాయి, దినానికి పది.

మొన్న ఒకటి వచ్చింది, ఇంటికొకరు వచ్చి సంతకం పెట్టాలని. "వాళ్ళకేం పనత్తా, యూనిఫాం రంగు మారుస్తారంట, దానికి గూడా మీటింగే," అని కోడలు ఫోను పక్కన పడేసింది. నేను పోయినాను. పదింటికి రమ్మంటే తొమ్మిదికే గేటు దగ్గర ఉన్నాను. ఇప్పటి సిస్టరమ్మ చిన్నపిల్ల, మా రాణి చిన్నకూతురి వయసుంటాది. నేను ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని సంతకం పెడతా ఉంటే ఓపిగ్గా నిలబడింది.

"అవ్వా, మీరు గూడా ఈ బడిలోనే చదివినారా?"

"మా చెల్లెలు చదివింది."

"పాత రిజిస్టర్లు ఉండింటే పేరు చూపించేదాన్ని. పెట్టెలో పెట్టింటే అన్నీ చెదలు తినేసినాయంట," అనింది బాధగా.

ఆ చెదలు తిన్న పేర్లలో నాది లేదు.