కీగన్ చదివిన మతం

మా చెల్లెలు మార్లీస్ కొడుకు కీగన్ కాలేజీలో మతం చదివాడు. పాస్టరు కావడానికి కాదు. అలా అయితే మా ఊళ్లో ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. మిన్నెసోటా లూథరన్లకి ఇంట్లో ఒక పాస్టరు ఉండటం కొత్తేమీ కాదు. వీడిది వేరే చదువు. రెండో ఏడు థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి వచ్చి, మా ఆయన డ్వేన్ టర్కీ కోడిని కోస్తుండగా ఆ సంగతి ప్రకటించాడు.

"అయితే పాస్టరవుతావన్నమాట," అన్నాను సంతోషంగా.

"కాదు పెద్దమ్మా. పాస్టర్లు నమ్ముతారు. మేం చదువుతాం."

"మరి ఉద్యోగం ఎవడిస్తాడ్రా దానికి?" అన్నాడు డ్వేన్.

"ఉద్యోగం కోసం కాదు పెదనాన్నా. ఆలోచించడం నేర్చుకోవడం కోసం."

"అలాగా! మేమంతా ఇన్నాళ్లూ దేంతో నెట్టుకొచ్చామో మరి," అని డ్వేన్ వాడి పళ్లెంలో ఎవరూ ముట్టని మెడ ముక్క వేశాడు.

వాళ్ల ప్రొఫెసర్ ప్రెస్కాట్ అనే ఆవిడ మొదటి రోజే చెప్పిందట, మీ విశ్వాసాన్ని గుమ్మం బయట వదిలి క్లాసులోకి రండి అని. మంచు బూట్లు వదిలినట్టన్నమాట. మిగతా పిల్లలు క్లాసు అయ్యాక ఎవరివి వాళ్లు తొడుక్కుని పోయారు. మావాడు అక్కడే వదిలేసి ఉత్త కాళ్లతో ఇంటికొచ్చాడు. పైగా అదే గొప్పనుకున్నాడు.

ఇక చదువు పేరుతో శుక్రవారం మసీదు, శనివారం యూదుల ప్రార్థనాలయం, ఆదివారం సిక్కుల గురుద్వారా తిరిగాడు. ఎక్కడా మోకాలు వంచిన పాపాన పోలేదు. వెనక కూర్చుని రాసుకునేవాడు. గురుద్వారాలో ఒక పెద్దాయన అంట్లు తోమడానికి రమ్మని పిలిస్తే, "నేను పరిశీలకుణ్ణండీ" అన్నాడట. భోజనం మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఈ ముచ్చట మా దగ్గర నవ్వుతూ చెప్పాడు, సిగ్గు లేకుండా.

తర్వాత వాడి చూపు మా మీద పడింది. మా చర్చి నేలమాళిగలో ఎవరివో అంత్యక్రియల భోజనానికి బంగాళాదుంపలూ మాంసమూ కలిపి ఓవెన్లో కాల్చే హాట్‌డిష్ వండుతుంటే వచ్చి, వంటకి పెద్ద దిక్కైన మా లవర్న్‌ని పట్టుకున్నాడు.

"ఈ బంగాళాదుంపల హాట్‌డిష్‌తో మీరు మరణాన్ని ఎలా ఎదుర్కొంటారు?"

"ఓవెన్లో పెట్టి, నాయనా," అంది లవర్న్. "పక్కకి జరుగు, కాలుద్ది."

నాకు వాడంటే చిన్నచూపు ఏర్పడింది. దాచుకోలేదు కూడా. మా అమ్మ ఆర్డిస్ మాత్రం వాడిని వెనకేసుకొచ్చేది. "పోనీవే జోలీన్. దేవుడి చుట్టూనే తిరుగుతున్నాడుగా. ఎప్పుడో ఒకప్పుడు కాలికి తగులుతాడు."

ఆఖరి ఏడు వాడు సిద్ధాంత వ్యాసానికి ముసలి లూథరన్ల చావును ఎంచుకున్నాడు. అప్పటికి అమ్మ ఊళ్లోని వృద్ధుల ఆసుపత్రిలో ఉంది. గుండె సరిగా పని చేయడం లేదు. చావంటే ఆమెకి బెంగ లేదు. ఆమె బెంగ ఒక్కటే. "ఆ టైముకి నా పక్కన ఎవరైనా పరలోక ప్రార్థన చెప్పండే. నాకు మధ్యలో మాట తప్పిపోతోంది. సగంలో వదిలేసి పోవడం నాకిష్టం లేదు," అని వెళ్లిన ప్రతిసారీ చేయి పట్టుకుని చెప్పేది. పరలోకమందున్న మా తండ్రీ అని మొదలయ్యే ఆ ప్రార్థన మా అందరికీ చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. సరేనని మాటిచ్చాను.

జనవరిలో మంచు తుఫాను వచ్చి రోడ్లన్నీ మూసేశారు. మా పాస్టరుకి మూడు చర్చిలు. ఆయన మూడోదాని దగ్గర ఇరుక్కుపోయాడు. నేనూ మార్లీస్ మేం టర్కీ కోళ్లు పెంచే షెడ్ల దగ్గర చిక్కుకున్నాం. అమ్మ దగ్గర ఉన్నది కీగన్ ఒక్కడే. వ్యాసం కోసం ముందు రోజే వచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అమ్మమ్మ పోయింది పెద్దమ్మా. ప్రశాంతంగా పోయింది."

ఆ ప్రశాంతంగా అన్న ముక్కని పట్టుకునే చలికాలమంతా బతికాను. ఎంత పనికిమాలినవాడైనా పక్కన మనవడున్నాడు, ప్రార్థన చెప్పే ఉంటాడు అనుకున్నాను. వాడి మీద కాస్త మెత్తబడ్డాను కూడా.

ఏప్రిల్లో వాడు కాలేజీలో వ్యాసం చదువుతున్నాడంటే, చర్చి వ్యాన్లో ఆడవాళ్లమంతా వెళ్లాం. తుఫాను రోజు రికార్డు చేసిన అమ్మమ్మ గొంతు వినిపిస్తాను, ఏడవకండి అని ముందే చెప్పాడు. ప్రెస్కాట్ ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. వాడు మీట నొక్కాడు.

"అమ్మమ్మా, నీకిష్టం లేకపోతే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయమనొచ్చు," అంటోంది వాడి గొంతు. పరిశోధనలో అలా ముందే చెప్పాలట.

"ఏది ఆపుతావురా, చావునా?" అంది అమ్మ. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"ప్రార్థన చెప్పరా కీగన్," అంది అమ్మ గొంతు.

"ప్రార్థన అంటే నీ దృష్టిలో ఏమిటి అమ్మమ్మా?"

తర్వాత అమ్మ తనే మొదలుపెట్టింది. రోజూ చెప్పుకునే మాటలే, ఎగశ్వాస మధ్య ఒక్కొక్కటే. క్షమించమని అడిగే చోటికి వచ్చి ఆగిపోయింది.

"తర్వాతేంట్రా?"

వేదిక మీద నుంచి కీగన్ మాకు వివరించాడు. "ఇక్కడ నేను కావాలనే మాట అందించలేదు. అందిస్తే పరిశీలన చెడిపోతుంది." ప్రెస్కాట్ తలూపింది.

"కీగన్, తర్వాతేంటి నాన్నా?"

"గుర్తు రాకపోతే నీకెలా అనిపిస్తోంది అమ్మమ్మా?"

"భయంగా ఉందిరా."

ఆ తర్వాత ఊపిరి చప్పుడొక్కటే. పక్కన మార్లీస్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెనక నుంచి లవర్న్ ఆ తర్వాతి మాట అందుకుంది. గట్టిగానే. మావాళ్లలో ఎవరూ ఆ ప్రార్థనని సగంలో విని ఊరుకోలేరు. వ్యాన్లో వచ్చిన ఆడవాళ్లమంతా కోట్లతోనే లేచి నిలబడ్డాం. చివరి ఆమెన్ దాకా చెప్పాం. చెప్పింది చచ్చిపోయిన మనిషికి, అదీ మూడు నెలలు ఆలస్యంగా. ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది నాకు.

ప్రెస్కాట్ కళ్లు మెరుస్తున్నాయి. ముందుకు వంగి, "కీగన్, ఇది రికార్డవుతోందా?" అని గుసగుసలాడింది.

వాడు అటు చూడలేదు. నావైపు చూస్తున్నాడు.

"నీకు ఆ తర్వాతి మాట రాదట్రా?" అని అడిగాను.

"వచ్చు పెద్దమ్మా," అన్నాడు. "అమ్మమ్మే నేర్పింది."