తెల్ల కాలరు మీద నారింజ చుక్క

మస్కట్‌లో తెల్లబట్ట కట్టిన ప్రతి మగవాడి మర్యాదా ఖమరుద్దీన్ దాదా సూది మొన మీదే నిలబడి ఉంది. ఆయన ఒకరోజు మిషను ఆపితే ఒమన్ దేశం మొత్తం పెళ్లిళ్లు వాయిదా వేసుకోవలసిందే. పదో తరగతి దగ్గరే చదువుకు సలాం కొట్టిన మనవరాలు సిద్రా రాసిన మాటలివి.

నిజానికి జబ్బు పడ్డ రోజుల్లో ఖమరుద్దీన్ ఎవరి మొహమూ చూడలేకపోయేవాడు. కడప నుంచి వచ్చి, రూవి పేట సందులో కుట్టుమిషను పెట్టుకుని, ఒమానీల పొడుగాటి తెల్ల దిష్‌దాషాలు కుడుతూ ముసలివాడైన మనిషి. దగ్గు ఎంతకీ తగ్గకపోతే ఆసుపత్రికి పోయాడు.

"ఇది టీబీ కాదండీ, దాని దాయాది. నీళ్లలో, మట్టిలో ఉండే క్రిమి. మీ నుంచి ఇంట్లోవాళ్లకు అంటుకోదు" అంది డాక్టర్ రమణి. మూడు రకాల మందులు ఏడాదికి పైగా వాడాలనీ, వాటిలో ఎర్ర గోలీ వల్ల చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగుకు తిరుగుతాయనీ చెప్పింది. అయినా ఖమరుద్దీన్ ఇంట్లో తన టీ గ్లాసు వేరే పెట్టుకున్నాడు.

ఒకరోజు పాత గిరాకీ ఖల్ఫాన్ కొత్త దిష్‌దాషా పట్టుకుని వెనక్కి వచ్చాడు. కాలరు మీద నారింజ చుక్క. ఇస్త్రీ వేడికి తన నుదుటి నుంచి రాలిన చెమటేనని ఖమరుద్దీన్‌కు చూడగానే తెలిసింది. నోరు మాత్రం ఇంకోటి అంది.

"మీ అత్తరు మరక, బాబా."

"అయ్యో! అది మా అమ్మ చేసే అత్తరు. ఇక చెయ్యొద్దని చెబుతాలే" అని ఖల్ఫాన్ పాపం నమ్మి వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి ఖమరుద్దీన్ ఎర్ర గోలీ మానేశాడు. మిగతావి బుద్ధిగా మింగి, దాన్ని మాత్రం బొత్తాల డబ్బాలో అడుగున దాచేవాడు. చెమట మామూలైంది. దగ్గు మళ్లీ తగులుకుంది.

బొత్తం కోసం వచ్చిన సిద్రా డబ్బా కెలికింది.

"దాదా, ఈ ఎర్ర బొత్తాలకు చిల్లుల్లేవే! ఏ షేక్ సాబ్ కోటుకి కుడతాండావు?"

"నోరు మూసుకుని ఆడ పెట్టు."

అంటూనే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సిద్రా వంగి ఆ నీళ్లను చూసింది. రంగు లేదు.

"మానేసి ఎన్నాళ్లాయ?"

ఆయన చేతిలోని తెల్లబట్టను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సిద్రా ఆసుపత్రికి లాక్కుపోయింది. పోయిందనుకున్న క్రిమి కఫం పరీక్షలో మళ్లీ కనబడింది. రమణి కోప్పడలేదు. "ఒకటి ఎగ్గొడితే క్రిమి మిగతా మందులకు అలవాటు పడిపోతుందండీ. తర్వాత నేనేం ఇవ్వను?" అంది. ఖమరుద్దీన్ తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వస్తూ టాక్సీని ఖల్ఫాన్ ఇంటికి పోనిమ్మన్నాడు.

"అత్తరు తప్పు కాదు బాబా. అది నా చెమట. మందు తింటాండా. మీకు అబద్ధం చెప్పినా."

ఖల్ఫాన్ తలుపు పూర్తిగా తీశాడు. "అమ్మ అప్పటి నుంచి అలిగి కూర్చుంది. ఆ మాట ఆమెకే చెప్పు" అన్నాడు. ముసలామె ముందు మళ్లీ అదంతా చెప్పవలసి వచ్చింది. ఆమె అందరూ తాగే చిన్న కప్పులోనే యాలకుల కహ్వా కాఫీ పోసి ఇచ్చింది. ఇంట్లో వేరే గ్లాసు పెట్టుకున్న మనిషి ఆ కప్పుతోనే తాగాడు.

ఇప్పుడు నుదుటికి తువ్వాలు చుట్టుకుని కుడుతున్నాడు. సిద్రా తను రాసిన గొప్పలు చదివి వినిపించింది.

"ఎట్లుంది దాదా?"

"అత్తరు సంగతి యాడ రాసినావు?"

"అది రాస్తే నీ పరువు పోదా?"

"పోయింది కదా, అదే రాయి. దేశం పెళ్లిళ్లంట, నీ మొహం! లేచి నీళ్లు తే, ఎర్ర గోలీ మింగల్ల."