బోరుబండికి ఆముదం

కోరుట్లలో వేములవాడ బస్సెక్కాను. పక్క సీటాయన ఒళ్లో ఆముదం డబ్బా ఉంది. "దేవుని దీపాలకా అన్నా?" అని అడిగాను.

"కాదన్నా, బోరుబండికి. రాయి కొట్టే హామర్‌కు నూనె పొయ్యాలె. ఓనరేమో పాత ఇంజన్ ఆయిల్ పొయ్యమంటడు. ఆయనకు తెల్వకుంట నేను గిది పోస్తున్న."

"ఎందుకు?"

ఆయన డబ్బాను మోకాళ్ల మధ్య ఇరికించి, రెండు చేతులూ దోసిలి పట్టి చూపించాడు. "తొలి నీళ్లు పడంగనే రైతు గిట్ల పట్టుకొని తాగుతడు. వద్దంటే ఇనడు. మేం పోసిన నూనె గా నీళ్లల్లనే అస్తది."

నా చిన్నప్పుడు చందుర్తిలో మా బోరు పడిననాడు నాన్న కూడా అలాగే తాగాడు. ఆ దోసిట్లో నీళ్లమీద తేలిన రంగులు చూసి, ఇంద్రధనుస్సని చప్పట్లు కొట్టింది నేనే.